రామచంద్రం గారి కార్బురేటర్

కరోనా తర్వాత తరగతులు మళ్లీ మొదలైన ఏడాది. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ సూపరింటెండెంటుగా నా సర్వీసు చివరికొచ్చింది. ఆ హోదా ప్రొఫెసర్లకు కింద, మెకానిక్కులకు పైన. తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చేవి. అది చాలదన్నట్టు మా హెడ్ గారు నాకో ఆదివారం డ్యూటీ కూడా వేశారు. వర్క్‌షాప్ వెనుక ఖాళీ జాగాలో ఆదివారం పొద్దున కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కలిసేవారు. కారు వేగం పెంచుకోవడానికి బిగించి, కొన్నాళ్లు వాడి తీసేసిన సైలెన్సర్లు, షాక్ అబ్జార్బర్లు, కార్బురేటర్లు ఒకరికొకరు అమ్ముకునేవారు. తర్వాత తగాదాలు రాకుండా ప్రతి సామానూ ముందే పరీక్షించి, ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పడం నా పని.

ఆ చిన్న సంతకు ఒక ఆచారం ఉండేది. కొన్నవాళ్లు సామాను బిగించుకున్నాక, అమ్మినవాళ్లను పక్కసీట్లో కూర్చోబెట్టుకొని క్యాంపస్ ఒక చుట్టు తిరిగిరావాలి. దాన్ని బోణీ రౌండు అనేవాళ్లం. అది అయితే గానీ బేరం తెగినట్టు కాదు.

తార్నాకలో ఉండే రామచంద్రం గారు బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు ఘాట్ రోడ్ల మీద కారు పందేల్లో పాల్గొన్న మనిషి. కంటి జబ్బు ముదిరి, డాక్టరు డ్రైవింగు మాన్పించాక కారు అమ్మేశారు. అందులోని రెండు గొంతుల కార్బురేటర్ మాత్రం విప్పి దాచుకున్నారు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటర్. గొంతులు రెండైతే ఇంజనుకు ఊపిరి ఎక్కువ, ఊపూ ఎక్కువ. దాన్ని తువ్వాలులో చుట్టుకొని ప్రతి ఆదివారం ఆటోలో దిగేవారు. అమ్ముతానని తెచ్చేవారు, అమ్మకుండా తీసుకెళ్లేవారు.

ముషీరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన అడిగితే, "నువ్వు షోకేసుల పెట్టుకుంటవ్, నీకియ్య" అన్నారు. ఇంకొకతను క్లచ్ మీద నుంచి కాలు తీయడని వంక పెట్టారు. పెళ్లిచూపుల్లో కూడా అన్ని వంకలు వినలేదు నేను. మొదట్లో చిరాకేసేది. అది అమ్ముడుపోతే ఇక ఆదివారం ఇక్కడికి రావడానికి ఆయనకు సాకు ఉండదని తెలిశాక, ఆ చిరాకు పోయి ప్రేమ పుట్టింది.

అప్పుడొచ్చింది స్రవంతి. సిద్దిపేట వైపు రైతు కుటుంబం, మా దగ్గర కెమిస్ట్రీలో పరిశోధన చేసేది. ఊళ్లో ట్రాక్టరు మీద డ్రైవింగు నేర్చుకున్న పిల్ల. ఎనభైల నాటి చిన్న కారు ఒకటి కొని తనే బాగుచేసుకుంది. కార్బురేటర్ పట్టుకునే ముందు చేతులు చున్నీకి తుడుచుకుంది. ధర మాటెత్తకుండా, "సార్, ఘాట్ ఎక్కేటప్పుడు దీని సౌండ్ ఎట్లుంటుండె?" అని అడిగింది. ఆయన చాలాసేపు చెప్పారు. చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "తీస్కపో బిడ్డా" అన్నారు.

బోణీ రౌండులో ఆయన కళ్లు మూసుకొనే కూర్చుని, గేరు మార్చాల్సిన చోటల్లా "ఇగో, ఇప్పుడు" అన్నారట. తిరిగొచ్చాక తలుపు తీశారు గానీ వెంటనే దిగలేదు. ఇక ఈయన రారు అనుకుంటే నాకు దిగులేసింది.

మరుసటి ఆదివారం స్రవంతి కారులో, పక్కసీట్లో, ఆయనే వచ్చారు. "ఇంజన్ కొట్టుకుంటున్నది సార్. జర చూస్తరని ఇంటికి పోయి తోల్కొచ్చిన" అంది నాతో. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ గొంతు దగ్గర పెట్టి, గాలి చప్పుడు వింటూ ఆయన స్క్రూలు సరిచేశారు. సరిచేశాక బండి పరీక్షించాలి కదా, మళ్లీ ఒక రౌండు. పై వారం మళ్లీ అదే ఫిర్యాదు. ఆ పై వారమూ అంతే.

పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే ఆ స్క్రూ కింద గట్టి స్ప్రింగు ఉంటుంది. ఎవరో తిప్పితే తప్ప అది వారం వారం కదలదు. స్రవంతిని పక్కకు పిలిచి ఆ మాటే అన్నాను. తల దించుకొని నవ్వింది. "ఆయనకు చెప్పకుండ్రి సార్" అంది. చెప్పలేదు.

ఆమె పరిశోధన సెమినారు వారం వచ్చింది. ఆ ఆదివారం హడావుడిగా ఆయన్ని తీసుకొచ్చి బానెట్ ఎత్తింది. ఇంజను చక్కగా తిరుగుతోంది, ఎక్కడా తడబాటు లేదు. స్రవంతి నా వైపు చూసిన చూపులోనే తెలిసింది, పనుల్లో పడి స్క్రూ తిప్పడం మరిచిపోయింది.

రామచంద్రం గారు గొట్టం చెవిలో పెట్టుకొని చాలాసేపు విన్నారు. "మళ్ల తేడా వచ్చింది బిడ్డా, కుడి దిక్కు" అన్నారు గంభీరంగా. స్క్రూడ్రైవరు స్క్రూ మీద ఆనించారు. తిప్పలేదు. కాసేపాగి తీసేశారు.

"ఇప్పుడు సెట్టయింది. పా, ఒక రౌండు చూద్దాం."

వాళ్లటు వెళ్లగానే హెడ్ గారు వచ్చి, ఆ బండి ప్రతివారం ఇక్కడే ఉంటోంది, దానికేమైందని అడిగారు. ఉన్నది ఉన్నట్టే చెప్పాలని సర్వీసంతా పిల్లలకు నేర్పినవాణ్ని. అది అన్నివేళలా పనికిరాదని ఆ పొద్దున నేర్చుకున్నాను. "కుడివైపు కొంచెం తేడా ఉంది సార్, ప్రతి ఆదివారం చూడాల్సిందే" అని చెప్పాను.