రెండు చేతుల బాతు

2023 వేసవి. పెళ్లిళ్ల హడావుడి తగ్గి, లాడ్ బజార్‌లో మేమంతా కాస్త ఊపిరి పీల్చుకునే రోజులు. గాజుల వ్యాపారం మాకు తాతల నాటిది. మా నాన్న మలారం, అంటే గాజుల మూట, భుజాన వేసుకుని పత్తర్‌గట్టి వెనక గల్లీలన్నీ తిరిగేవాడు. నేను దుకాణంలో కూర్చుని అమ్ముతాను. శ్రీమంతాలకు, పెళ్లిళ్లకు పిలిస్తే ఇళ్లకు వెళ్లి తొడిగి వస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని కాబట్టి గాజుల్లో నాకు తెలియని సంగతి ఉండదని ధీమాగా ఉండేదాన్ని. ఆ వేసవిలో వచ్చిన ఒక ఆర్డర్‌తో నా బుర్ర తిరిగిపోయింది.

మధ్యాహ్నం పూట ఒకాయన వచ్చారు. అరవై దాటి ఉంటాయి, ఇస్త్రీ చొక్కా, మాట గుంటూరు వైపు మాట. పేరు విశ్వనాథం అని చెప్పారు. ఎడమ చేత్తోనే ఫోన్ తీసి, ఎడమ చేత్తోనే నా ముందు పెట్టారు.

"ఈ బొమ్మ లక్క గాజుల మీద వస్తుందా అమ్మా?"

చూస్తే నీలం మీద పసుపు పచ్చ గళ్లు. అక్కడక్కడ నారింజ రంగు గళ్లు. ఒక నల్ల గడి. బొమ్మంటూ నాకేమీ కనపడలేదు.

"ఫోటో పగిలింది సార్. అసలుది ఉంటే చూపియ్యుండ్రి."

"పగల్లేదమ్మా, ఇదే అసలుది."

ఈయన నన్ను ఆట పట్టిస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన ఫోన్ పట్టుకుని గల్లీలోకి నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పైకెత్తి చూపించారు. అప్పుడు కనపడింది, నీళ్లలో ఈదుతున్న బాతు. దగ్గరికి తెస్తే మళ్లీ గళ్లే. ఇదేం మాయరా బాబూ అనుకుని ఆయనకు స్టూల్ వేశాను.

దాన్ని పిక్సెల్ ఆర్ట్ అంటారట. గళ్ల కాగితంలాంటి తెర మీద ఒక్కో గడికి ఒక్కో రంగు నింపుతూ బొమ్మ చేయడం. ఆయన మొదలుపెట్టి కొన్ని నెలలే అయింది. కొత్తవాళ్లు తక్కువ గళ్లు, తక్కువ రంగులు పెట్టుకోవాలని, మధ్య మధ్యలో కళ్లు సగం మూసి చూసుకోవాలని వివరంగా చెప్పారు. నేను బుర్ర ఊపాను గానీ, ఇంత వయసు మనిషికి ఈ పిల్లలాట ఏమిటో అర్థం కాలేదు. ఇంతలో చాయ్ వచ్చింది. ఆయన పరధ్యానంలో కుడి చెయ్యి జేబులోంచి తీసి సాసర్ అందుకున్నారు. కప్పు గలగలలాడిపోయి చాయ్ సగం కౌంటర్ మీద ఒలికింది.

గుడ్డతో తుడుస్తుంటే ఆయనే చెప్పారు. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారు. రెండేళ్ల నుంచి చెయ్యి వణుకుతోంది. మందులు వాడుతున్నారు, అయినా పెన్సిల్ పట్టుకుంటే గీత వంకర పోతుంది.

"గీత గీయలేనమ్మా. ఈ గళ్లలో మాత్రం వేలు ఎక్కడ ఆనినా గడి మొత్తం నిండుతుంది. ఎంత వణికినా సరే."

ఒక్కతే కూతురట, శ్రావణి. మాదన్నపేటలో అత్తవారిల్లు. ఇప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డ గదిలో గోడ మీద బాతు బొమ్మ వేయమని తండ్రిని అడిగింది. ఈయన ఇదిగో వేస్తాను, అదిగో వేస్తాను అంటూ నెలలు గడిపారు. ఈమధ్య ఆమె అడగటం మానేసింది. ఫోన్ చేసినా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తోంది.

"వణుకు సంగతి బిడ్డకు చెప్పరాదా సార్?"

"కడుపుతో ఉన్న పిల్లకి ఇప్పుడు చెప్పి దిగులు పెట్టనా? నాన్నకి తన మీద ధ్యాస లేదనుకుంటోంది. శ్రీమంతం నాడు ఈ బాతు దాని చేతికి ఉంటే ఆ అపోహ పోతుందమ్మా. నాకు చేతనైంది ఇదొక్కటే."

సరే, చేయిస్తానన్నాను. ఒక గాజు అంటే బొమ్మలో ఒక వరస. ఇరవై నాలుగు వరసలకు ఇరవై నాలుగు సన్న గాజులు. వరసగా తొడిగితే బాతు కనపడాలి. చెప్పుకోవడానికి ఎంత తేలిగ్గా ఉందో.

మా కారీగర్ రఫీక్ భాయ్‌కి చెప్పడానికి వెళ్లాను. బొగ్గుల మీద లక్క వేడి చేసి, గాజుగా చుట్టి, అది మెత్తగా ఉండగానే రాళ్లు అద్దే పనిలో ఆయన చేతికి తిరుగు లేదు. బొమ్మను తిప్పి తిప్పి చూశారు.

"నెమలి పెడతరు, చిలుక పెడతరు. బాతేంది అక్కా?"

"వాళ్ల బిడ్డ బాతే అడిగింది భాయ్."

"అచ్ఛా, పెడ్త. గానీ గాజు గోల్ ఉంటది కదా. బాతు యాడ మొదలుపెట్టాలె?"

"బాతు ఒక దిక్కే ఉంటది. మిగిలిన చుట్టంత నీళ్లు."

"నీళ్లు?"

"నీలం రాళ్లు భాయ్."

"తల వేళ్ల దిక్కా, మోచేతి దిక్కా?"

మాస్టారుకి ఫోన్ చేసి అడిగాను. చేతిని వేలాడేస్తే బాతు తలకిందులవుతుంది, ఎత్తితే నిలబడుతుంది, ఒళ్లో పెట్టుకుంటే పక్కకు పడుకుంటుంది. ముగ్గురం మూడు రకాలుగా చెయ్యి తిప్పుకుంటూ చాలాసేపు గందరగోళపడ్డాం. చివరికి, చూసుకునేటప్పుడు ఎవరైనా చెయ్యి పైకెత్తే చూసుకుంటారు కాబట్టి తల వేళ్ల వైపే అని ఖాయం చేశాం. శ్రీమంతం గాజుల మీద నల్ల రాయి ఏమిటని నాకింకో పట్టింపు. దిష్టిచుక్క అనుకో అమ్మా, కన్ను లేకపోతే బాతే కాదు అన్నారు మాస్టారు. సరేనన్నాను.

రఫీక్ భాయ్ అడిగేవాటికి జవాబు చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా. మాస్టారు నా ఫోన్‌లో కూడా ఆ గళ్ల ఆట పెట్టించారు. బేరాలు లేని మధ్యాహ్నాల్లో నేనూ గళ్లు నింపడం మొదలుపెట్టాను. మొదట మామిడిపండు వేశాను. మా ఆయన చూసి ఆలుగడ్డ బాగుందన్నాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మాస్టారుకి చూపిస్తే, ఎన్ని రంగులు వాడితే అంత మంచిదనుకున్నావు, అందుకే ఇలా అయింది, మూడే పెట్టు అన్నారు. మూడు రంగులతో చుట్టూ అంచు సరిచేస్తే నిజంగానే మామిడిపండైంది. ఒక్క గడి అటు జరిపితే ముచిక, ఇటు జరిపితే ముక్కు. ఇంత చిన్న గడికి ఇంత పెత్తనం ఏమిటో నాకిప్పటికీ వింతే.

గాజులు తయారయ్యాయి. మాస్టారు ఎదుటే నా చేతికి వేసుకుని చూశాను. బాతు నిలబడింది. చెయ్యి ఒకసారి ఆడించానో లేదో, తల ముందుకు, మెడ పక్కకు, తోక మణికట్టు కిందికి. కడుపుతో ఉన్నప్పుడు చేతులు వాస్తాయని మేం ఒక సైజు పెద్దదే ఇస్తాం. వదులుగా ఉన్న గాజు తిరక్కుండా ఎలా ఉంటుంది? మాస్టారు ముఖం చిన్నబోయింది.

"ఫికర్ చేయకుండ్రి సార్. నేనే తొడుగుత, నేనే సర్దుత. మీ బిడ్డ చూసేదాక చెయ్యి కదపనియ్య. ఎడమ చేతికి గాజు గాజులు, కుడి చేతికి మొత్తం ఇవే."

శ్రీమంతం నాడు మాదన్నపేట ఇల్లు పేరంటాళ్లతో నిండిపోయింది. శ్రావణి పసుపు పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. ముఖం కళగా ఉంది గానీ తండ్రి వైపు చూడటం లేదు. మాస్టారు గుమ్మం దగ్గర కుడి చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డారు. నేను వరస తప్పకుండా దారానికి గుచ్చి తెచ్చిన గాజులు విప్పాను. బొమ్మ అడుగు వరస ముందు ఎక్కించాలి, తల వరస ఆఖరున. శ్రావణి కుడి చెయ్యి పట్టుకున్నానో లేదో వెనక నుంచి గొంతు లేచింది. ఆమె అత్తగారి అక్క, ఇంటికి పెద్ద దిక్కు.

"ఏందమ్మా, అన్నీ ఒక్క చేతికే పెడ్తవా? ఆ చేతికేం పాపం?"

"ఆ చేతికి గాజు గాజులున్నయమ్మా. ఇదొక సెట్టు. ఒక్క చేతికి వేస్తెనే..."

"ఏ సెట్టైతేంది? కడుపుతోటి ఉన్న పిల్లకు రెండు చేతులు సమానం ఉండాలె. గాజులోళ్లింట పుట్టినవ్, నీకు నేను చెప్పాల్నా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేనైనా ఏ ఇంట్లోనైనా అదే చెబుతాను. బొమ్మ సంగతి పైకి చెబుదామంటే మాస్టారు వద్దని మాట తీసుకున్నారు, కూతురు తనంతట తానే చూసేదాకా తెలియకూడదని ఆయన ఆశ. ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు.

"పెద్దత్తయ్య చెప్పినట్టే కానివ్వండి" అంది శ్రావణి.

ఇక నేనేం చేయను? ఒక గాజు కుడికి, ఒకటి ఎడమకు, మళ్లీ ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. వరస మాత్రం తప్పనివ్వలేదు. లోపల నాకు ఏడుపొక్కటే తక్కువ. నెలలు కూర్చుని ఒక ముసలాయన నింపిన గళ్లను నా చేత్తోనే రెండుగా చీల్చేస్తున్నాననిపించింది. తొడగడం అయ్యాక, ఎందుకో నాకే తెలియదు, అలవాటుగా ఆమె చేతులు రెండూ పైకెత్తించి గాజులు ఒక్కొక్కటే తిప్పి సర్దాను.

శ్రావణి కుడి చెయ్యి చూసుకుంది. కళ్లు చికిలించింది. చేతిని దూరంగా జరిపింది.

"ఇది... బాతు కదూ?"

తర్వాత ఎడమ చెయ్యి చూసింది. "ఇక్కడా బాతే."

నేను వంగి చూశాను. నిజమే. వరస విడిచి వరస పోయేసరికి బాతు పొట్టిదైంది గానీ పోలేదు. రెండు చేతులకూ చెరొక బొద్దు బాతు. ఇదెలా జరిగిందో నాకప్పుడు బొత్తిగా అర్థం కాలేదు. పక్కపక్క వరసలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఏ సగం తీసుకున్నా బాతేనని తర్వాత మాస్టారు విడమరచి చెప్పినా సగమే అర్థమైంది.

"ఈ ఎడమ చేతి బాతుకి కన్నేదండీ?" అంది శ్రావణి.

కన్ను ఒకే వరసలో ఉన్న ఒకే రాయి. ఆ వరస కుడి చేతికి పోయింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"మీ నాన్న గారే గడి గడిగ నింపి తెచ్చిండ్రమ్మా ఈ బొమ్మను."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "గోడ మీద వేయమంటే ఇదిగో అదిగో అన్నావు. దీనికి తీరిక దొరికిందా నాన్నా?"

మాస్టారు వచ్చి ఆమె పీట పక్కన నేల మీద కూర్చున్నారు.

"కన్ను పెడతాను ఉండమ్మా" అన్నారు.

రాళ్లు ఊడితే అతికించడానికి చిన్న డబ్బా ఒకటి నా సంచిలో ఉంటుంది, విడి రాళ్లు, సూది, జిగురుతో. నేను పెడతానన్నాను. వద్దని తల అడ్డంగా ఊపి, కుడి చెయ్యి బయటికి తీసి సూది అందుకున్నారు. పసుపు రాయి ఒకటి పెకిలించి ఆ చోట నల్లది పెట్టాలి. సూది మొన గాజు మీద టకటకమని కొట్టుకుంటోంది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినపడింది. సూది జారింది. తీయాల్సిన రాయి ఉండిపోయి, ముక్కు వైపున్న పక్క రాయి ఊడి ఆమె ఒళ్లో పడింది.

శ్రావణి రాయిని చూడలేదు. ఆయన చేతినే చూస్తోంది.

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె కుడి చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. అలా పట్టుకునే ఉంది. ఇద్దరూ కలిసి ఊడిన చోటే నల్ల రాయి కూర్చోబెట్టారు. కన్ను ఒక గడి ముందుకు జరిగి, బాతు తన ముక్కును తానే చూసుకుంటున్నట్టు మెల్లకన్నుతో తయారైంది.

"సరి చేస్తనమ్మా, ఒక్క నిమిషం" అన్నాను.

"ముట్టుకోకండి" అంది శ్రావణి. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తండ్రితో అంది, "గోడ మీద స్కేలు పెట్టి గళ్లు నేను గీస్తాను నాన్నా. నువ్వు నింపు."

పెద్దత్తగారు ఇదంతా ఏమిటని నన్ను మోచేత్తో పొడిచింది. నేను రాళ్ల డబ్బాకు మూత పెట్టేశాను.

ఈ ఆర్డర్ నాకేం నేర్పిందని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. వ్యాపారం వరకైతే, ఎవరు ఏ డిజైన్ తెచ్చినా ఒక చేతికా, రెండు చేతులకా అని ముందే అడుగుతున్నాను. మిగతాది ఇప్పటికీ తికమకే. ఆ రోజు నా మాట చెల్లి గాజులన్నీ ఒక్క చేతికే పడి ఉంటే బాతు చక్కగా, కన్నుతో సహా నిలబడేది. అందరూ బాగుందనేవాళ్లు. మాస్టారు చెయ్యి మాత్రం జేబులోనే ఉండిపోయేది.