చింతామణిలో పోయిన మాత్రలు, చిక్కబళ్ళాపురం దారిలో నేను

ఈ దారిలో తిరిగేవాళ్ళు ఎక్కువగా నంది కొండ చూడటానికి వస్తారు. నేను భయంతో తిరిగాను. మా కాపురం బాగేపల్లిలో. మా అత్తగారి చెల్లెలు చింతామణిలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకుంటే, సాయానికని నన్ను రెండు రోజుల ముందే పంపించారు. అప్పటికి పెళ్ళయి ఏడాది. బెంగళూరులో ఒక కంపెనీ శిక్షణకు ఎంపికయ్యాను, వచ్చే నెల చేరాలి. అందుకే నేనూ మా ఆయనా మాట్లాడుకుని, డాక్టరును అడిగి గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాము. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. మనవడి కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. కడుపు నిలిచిందంటే ఇక శిక్షణ మాట నన్ను ఎత్తనివ్వరు.

చింతామణి చేరిన రాత్రి సంచిలో చూస్తే మాత్రల షీటు లేదు. బాగేపల్లిలో మరిచిపోయానేమో అనుకున్నాను. మర్నాడు బజారులో మందుల షాపుకు వెళితే, గల్లా దగ్గర కూర్చున్నాయన నన్ను చూడగానే, "మన కొత్తింటోళ్ళ కోడలు కదమ్మా నువ్వు! పొద్దున్నే మీ మామతోనే కాఫీ తాగితి. ఏం కావాల?" అన్నాడు. నాలుక మీదకొచ్చిన మాట మింగేసి తలనొప్పి మాత్ర కొనుక్కుని వచ్చేశాను. ఆ సాయంత్రం మా ఆయన వచ్చాడు. మేడమీది గది మాకిచ్చారు. రెండు మాత్రలు తప్పితే ఏమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు పూజ కాగానే కాలేజీలో పాఠాలు చెప్పాలని ఆయన వెళ్ళిపోయాడు.

అసలు సంగతి ఆ తర్వాతి రోజు పొద్దున కాఫీ దగ్గర బయటపడింది.

"ఏమమ్మా కోడలా, నీ మాత్రలు వట్టి దండగ!" అంది చిన్నత్త.

"ఏ మాత్రలు చిన్నత్తా?"

"అవే, డేటు ముందుకు తోసేటివి. సూదీదారం కోసం నీ సంచిలో చెయ్యి పెడితే దొరికె. హోమం కోసరం తెచ్చినావేమో అని ఆడోళ్ళకు తలా ఒకటి పంచితి."

మా వైపు పూజ ఉందంటే నెలసరి వాయిదా వెయ్యడానికి ఆడవాళ్ళు మాత్రలు వేసుకోవడం మామూలే. చిన్నత్త నా షీటును అదేననుకుంది. ఆమె కూతురు పద్మ అందుకుంది: "అయ్యోరు మంత్రం మొదలుపెట్టె, నాకు వచ్చేసె, లేచి పరుగో పరుగు! బాగేపల్లి మాత్రలకు బాగేపల్లి బస్సుకున్నంత దమ్ము కూడా లేదు వదినా." అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, ఇంటికి బయల్దేరతానని సంచి సర్దుకున్నాను.

తొమ్మిదింటికి శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం వెళ్ళే ప్రైవేటు బస్సు ఎక్కాను. గంటన్నర ప్రయాణం, టికెట్టు అప్పట్లో ఇరవై రూపాయల లోపే. శిడ్లఘట్ట దాకా పట్టుగూళ్ళ మూటలు కాళ్ళకు అడ్డంగా ఉంటాయి, ఆ వాసనకు ముందే సిద్ధపడి ఎక్కండి. నాకు కడుపులో తిప్పింది. వాసనకా, మరొకందుకా? ఇంత తొందరగా ఏ లక్షణమూ కనబడదని చదువుకున్న బుద్ధి చెబుతూనే ఉంది, చెయ్యి మాత్రం పొట్ట మీదికే పోతోంది.

"యాడికి పోతాండావమ్మా?" అంది పక్కనున్నామె.

"ఆసుపత్రికి."

"విశేషమా? సిగ్గెందుకు, నా కోడలికీ ఇట్లే మొగం పాలిపోయిండె."

కిటికీ వైపు తిరిగాను. ఆమె జాలిగా నా ఒళ్ళో జామకాయ పెట్టింది.

చిక్కబళ్ళాపురంలో బస్టాండుకు దగ్గర్లోనే ఒక లేడీ డాక్టరు మధ్యాహ్నం దాకా చూస్తారు. బెంచీ మీద కూర్చున్న ప్రతి ముఖంలోనూ చుట్టాల పోలికలు వెతుకుతూ కూర్చున్నాను. నా పేరు పిలవగానే కొంగు ముఖం మీదికి లాక్కుని లోపలికి వెళ్ళాను. కథంతా విని డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది.

"పంచిపెట్టిందా! బాగుండాదమ్మా మీ చిన్నత్త. షీటు మొదలుపెట్టి ఎన్నాళ్ళాయ?"

"వారం కూడా కాలేదు. మూడు తప్పాయి. మొన్న రాత్రి ఆయన..."

"తెలిసెలే."

ఆమె చెప్పింది మీకూ పనికొస్తుంది. ఒక్కటే తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మిగతావి మామూలుగా కొనసాగిస్తే చాలు. రెండో, అంతకు మించో తప్పితే చివరగా తప్పినది ఒక్కటే వేసుకోవాలి, అంతకు ముందువి వదిలెయ్యాలి. రోజువారీ మాత్రలు ఆపకుండా, ఏడు రోజులు వరుసగా పడేదాకా కండోమ్ కూడా వాడాలి. షీటు మొదటి వారంలోనే ఇలా తప్పి, ఆ మధ్య కలిసి ఉంటే అత్యవసర మాత్ర అవసరం కావచ్చు. అది మూడు రోజుల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు.

"గ్యారంటీనా అమ్మా?"

"నూటికి నూరు కాదు. మూడు వారాలకు నెలసరి రాకుంటే పరీక్ష చేయించుకో. మూడు గంటల్లోపల వాంతి అయితే మాత్రం మళ్ళీ వేసుకోవాల."

ఆ చివరి మాటతో మరో భయం పట్టుకుంది. డాక్టరమ్మ ఇచ్చిన అత్యవసర మాత్ర అక్కడే మింగి, కొత్త షీటు జాకెట్లో దాచుకుని బాగేపల్లి బస్సెక్కాను. హైవే మీద గంట ప్రయాణం. పేరేసంద్ర దాటాక కండక్టరు నా ముఖం చూసి, "కక్కేటట్లుండావు, కిటికీ కాడ కూచోమ్మా" అన్నాడు.

"కక్కనప్పా!" అన్నాను, బస్సంతా తిరిగి చూసేంత గట్టిగా. పళ్ళు బిగించి, ఉమ్ము మింగుతూ బాగేపల్లి దాకా వచ్చాను.

బస్టాండులో మా ఆయనకు అంతా చెప్పాను. "నాతో అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. "నువ్వెందుకు అడగలేదు?" అన్నాను. ఇద్దరం ఇంటికి నడిచాము.

నెలసరి వచ్చేదాకా సరిగా నిద్రపోలేదు. అత్తగారు నా కంచంలో అన్నం మిగిలిందని చూసినా గుండె జారేది. చివరికి నెలసరి వచ్చింది. నేనూ బెంగళూరు వెళ్ళాను. ఇప్పుడు తలచుకుంటే మాత్రలు పోవడం కంటే, మందుల షాపు మెట్ల మీద నోరు పెగలని ఆ నిమిషమే ఎక్కువ భయపెడుతుంది. నా బతుకు ఏ దారిన పోవాలో ఒక తలనొప్పి మాత్రకు వదిలేసి వచ్చాను.

ప్రయాణంలో మాత్ర తప్పితే ఫంక్షన్ అయ్యాక చూద్దామని ఆగకండి. గల్లా దగ్గర తెలిసిన ముఖం ఉంటే, పక్క ఊరికి టికెట్టు తీసుకోండి.