రెండు వేల వాట్ల పొయ్యి

ఆ కరెంటు పొయ్యిని తలుచుకుంటే ఇప్పటికీ ఉడకని పిండి వాసనే నా ముక్కుకు తగులుతుంది.

పూతరేకులు తియ్యడంలో మా అత్తగారిది ఆత్రేయపురంలో పేరున్న చెయ్యి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టలు మండుతుంటే, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగేస్తారు. గుడ్డ వెనకాలే రేకు ఆరి పైకి లేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పొగలో కూర్చున్నందుకు దగ్గు పట్టుకుంది. ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ సంగతి తెలిసి ఆవిడ అక్కగారి కొడుకు వచ్చాడు. నాకు వరసకు బావగారు. పూతరేకుల కోసమే చేయించానంటూ ఒక కరెంటు పొయ్యి తెచ్చి అరుగు మీద పెట్టాడు. స్టీలు పెట్టె, దాని మీద కుండలాగే గుండ్రటి ఇనప డొప్ప, లోపల వేడెక్కే కాయిలు. పక్కన స్టిక్కరు మీద రెండు వేల వాట్లని రాసి ఉంది.

"పొగుండదు, మసుండదు పిన్నిగారూ. స్విచ్చేసి కూర్చోడవేనండి," అన్నాడు.

సొంత అక్క కొడుకు మాట. ఆవిడ నమ్మారు. ఆవిడ కొన్నారని మా వీధిలో మరో మూడిళ్ళ వాళ్ళు కొన్నారు.

మర్నాడు దాని మీద తియ్యబోతే రేకు లేవలేదు. డొప్పకు జిగురుగా అంటుకుపోయేది. అట్లకాడతో గీకితే పుండు మీద చెక్కులా పెళ్ళలు ఊడేవి. ఉడికీ ఉడకని పిండి, డొప్పకు రాసిన పచ్చి నూనె, రెండూ కలిసిన ఆ వాసన ఇల్లంతా పట్టేసింది. అన్నం తినబోతే అదే వాసన.

ఫోను చేస్తే బావగారు నవ్వాడు. "పొయ్యికేవైందండీ? పిన్నిగారికి వయసొచ్చింది కదా, చెయ్యి తిరగట్లేదేమో."

స్పీకరులో ఆ మాట మా అత్తగారు విన్నారు. సాయంత్రం నన్ను పిలిచి, "నా చెయ్యి పోయిందే అమ్మాయ్," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను అమలాపురంలో డిగ్రీ ఫిజిక్సు చదివాను. మా తమ్ముడు ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేస్తుంటాడు. వాణ్ణి మీటరు పట్టుకుని రమ్మన్నాను. పొయ్యి వేసి చూస్తే వోల్టేజీ రెండు వందల ఇరవై, లాగుతున్న కరెంటు అయిదు ఆంపియర్లు. రెండూ గుణిస్తే పదకొండు వందల వాట్లు. స్టిక్కరు మీద రాసినదానికి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. రేకు ఆరి లేవడానికి ఆ వేడి చాలదు.

మళ్ళీ ఫోను చేస్తే ఈసారి పాట మార్చాడు. "మీ ఊళ్ళో వోల్టేజీ ఉండదమ్మా. పొయ్యి ఏం చేస్తుంది?"

సరే, అదీ చూద్దామనుకున్నాను. మధ్యాహ్నం అందరిళ్ళలో ఏసీలు తిరిగే వేళ వోల్టేజీ నూట డెబ్బై ఆరుకు పడిపోయింది. కరెంటు నాలుగుకు దిగింది. పొద్దున్న రెండు వందల ఇరవైని అయిదుతో భాగిస్తే నలభై నాలుగు. ఇప్పుడు నూట డెబ్బై ఆరుని నాలుగుతో భాగించినా నలభై నాలుగే. వోల్టేజీ పెరిగినా తగ్గినా కాయిలు రెసిస్టెన్సు నలభై నాలుగు ఓములే. నిజంగా రెండు వేల వాట్ల కాయిలైతే అది ఇరవై నాలుగు దగ్గర ఉండాలి. అంటే ఊరి కరెంటు మీద నెపం పెట్టడానికి లేదు. లోపల పెట్టిన కాయిలే తక్కువ వాట్లది.

మర్నాడు బావగారే వచ్చాడు. మా అత్తగారు ఉత్తినే కూర్చోబెట్టలేక, ఈ పొయ్యి రాకముందు పాత కుండ మీద తీసి దాచిన పూతరేకులు ప్లేటులో పెట్టిచ్చారు. అతను తింటుంటే నేను లెక్క చెప్పాను. మీసాలకు పంచదార అంటుకుని ఉంది. నెయ్యి కారుతున్న వేళ్ళు నాకుతూ అంతా విన్నాడు. తర్వాత గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఈ లెక్కలు బయటెక్కడా అనకమ్మా. అసలు కాయిలున్న పొయ్యి మీకు వేరే పంపిస్తాను. ఇవి బయటవాళ్ళ కోసం చేయించినవి. పొరపాటున మీకొచ్చేసింది."

తెలిసే చేశాడు! తెలిసే, ఆ పెద్దావిడ చేతిని తప్పు పట్టాడు.

మా అత్తగారు నెమ్మదిగా అడిగారు. "నా చెయ్యి బానే ఉందని నీకు ముందే తెలుసన్నమాట."

"అబ్బే, అలాక్కాదండి పిన్నిగారూ..."

"ఆయ్," అన్నారావిడ. అతను తింటున్న ప్లేటు అతని చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చిన మనిషి ముందునుంచి తిండి తీసెయ్యడం ఆవిడ జన్మలో అదే మొదలు.

అతను వెళ్ళగానే నేను ఆ మూడిళ్ళకీ వెళ్ళి చెప్పాను. రెండిళ్ళ వాళ్ళు పొయ్యి తిప్పి పంపేశారు, మేమూ పంపేశాం. మూడో ఇంటావిడ మాత్రం, "పోనిద్దురూ, చుట్టాల మధ్య గొడవెందుకండీ," అంటూ నా వంకే అదోలా చూసింది. అతనిప్పుడు మలికిపురం వైపు అమ్ముతున్నాడట.

మా ఆయన పెరట్లో కుండపొయ్యికి పొగగొట్టం కట్టించారు. అత్తగారి దగ్గు ఇప్పుడు కొంచెం నయం. మొన్న బావగారింట్లో గృహప్రవేశమని పిలుపొచ్చింది. మా ఆయన మొహమాటానికి వెళ్ళొచ్చారు. వచ్చేటప్పుడు వాళ్ళిచ్చిన స్వీటు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. మా అత్తగారు మూత కూడా తియ్యలేదు. నేనూ తియ్యలేదు. చీమలు పట్టాక పారేశాను.