జ్ఞానదాసుగారు విప్పని పెట్టెలు

జ్ఞానదాసుగారు బొమ్మల పెట్టెలు తెచ్చుకుంటారు, కానీ విప్పరు. మిగతా విషయాల్లో అందరిలాంటి మనిషే. పోర్టులో క్రేను నడుపుతారు, ఆదివారం చర్చికి వెళతారు, చేప ముల్లు గొంతులో గుచ్చుకుంటే భార్యను కేకేస్తారు. పెట్టె మాత్రం విప్పరు.

ఆ పెట్టెల్లో ఉండేవి ప్లాస్టిక్ ఇటుకలు. పైన బుడిపెలు, కింద బోలు. ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని అతుక్కుంటాయి. మూత మీద ఏ బొమ్మ వేసి ఉంటే దాన్ని కట్టుకోవచ్చు, రైలు స్టేషనైనా, ఆసుపత్రైనా. ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఏ షాపులోనూ అవి దొరికేవి కావు. విదేశీ ఓడల మీద వచ్చే నావికుల దగ్గర ఉండేవి. జ్ఞానదాసుగారు వాళ్లకి ఏటికొప్పాక లక్కబొమ్మలిచ్చి ఇవి పుచ్చుకునేవారు.

"మన బొమ్మ ఆడి పిల్లకి, ఆడి బొమ్మ నాకు" అనేవారు.

"మరి విప్పి ఆడుకోరేమండీ?" అని ఎవరైనా అడిగితే, అడిగినవాణ్ణి జాలిగా చూసేవారు.

"విప్పితే ఏటుంటాది బాబూ? ముక్కలుంటాయి. విప్పకపోతే ఆసుపత్రి ఉంటాది."

ఈ మాటకి జవాబు నీలకంఠం చదివిన ఎమ్మెస్సీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. నీలకంఠానిది ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. కట్టుబడిలో ఉన్న ఉక్కు ఫ్యాక్టరీ లాబులో కెమిస్టుగా ఉద్యోగం వచ్చి, ఎనభై నాలుగులో భార్య గౌరీశ్వరినీ, పసిపిల్లనీ తీసుకుని జ్ఞానాపురంలో దాసుగారి పక్కవాటాలో అద్దెకి దిగాడు. దిగిన సాయంత్రమే దాసుగారు కాఫీకి పిలిచారు. కాఫీ రావడానికి ముందు బీరువా తెరిచి, ఒక పెట్టె తీసి నీలకంఠం చెవి దగ్గర గలగలమని ఆడించారు.

"ఇది రైలు."

ఇంకో పెట్టె తీసి మళ్లీ గలగలలాడించారు.

"ఇది ఆసుపత్రి. తేడా తెలిసినాదా?"

నీలకంఠానికి రెండూ ఒకేలా వినిపించాయి. కానీ మొహమాటస్థుడు. "తెలిసిందండీ. ఆసుపత్రి కాస్త గంభీరంగా ఉంది" అన్నాడు. దాసుగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. "మణీ! ఇన్నాళ్లకి సెవున్న మనిషి దొరికినాడే!" అన్నారు లోపల ఉన్న భార్యతో.

"సెవుల్లోకి తరవాత, ముందు నోట్లోకి కాఫీ పొయ్యనియ్యండి" అంటూ రత్నమణమ్మగారు గ్లాసులు పట్టుకొచ్చారు.

విప్పిన పెట్టె ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది. అది కూడా దాసుగారు విప్పింది కాదు. పోర్టు గేటు దగ్గర తనిఖీలో ఆఫీసరు విప్పాడు. విప్పాక దాసుగారి మొహం చూసి భయపడి, పని మానేసి రెండు గంటలు కూర్చుని ముక్కలన్నీ అతికి క్రేను కట్టి మరీ చేతికిచ్చాడు. పసుపు క్రేను, కొసన ఎర్ర దీపం. దాసుగారు దాన్ని మైలపడిన వస్తువులా బీరువా బయట ముక్కాలి పీట మీద పెట్టారు. వచ్చిన పిల్లలకి ఆటవస్తువు అదొక్కటే.

ఇక నీలకంఠం సంగతి. అతను సైన్సు చదువుకున్నందువల్ల, మిగతా తండ్రులకి తెలియని ప్రమాదాలు కూడా తెలిసి ఉండేవి. పాప స్నానం నీళ్లలో థర్మామీటరు ముంచేవాడు. బల్ల మూలలకి దూది కట్టాడు. వాకిట్లో మెట్టు ఎత్తు కొలిచి, అక్కణ్ణుంచి పడితే పాప ఎంత వేగంతో నేలకి తగులుతుందో లెక్కవేసి, ఆ అంకె గౌరీశ్వరికి చూపించాడు.

"మెట్టు మీద కూకోబెట్టకపోతే సరిపోద్ది కదండీ" అంది గౌరీశ్వరి.

ఆ పరిష్కారం అతనికి తట్టలేదు. పాప పేరు పైడితల్లి. దానికి నడక వచ్చి నాలుగు నెలలైతే, ఆ నాలుగు నెలల్లో నీలకంఠం నాలుగు కిలోలు తగ్గాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ దాసుగారింట్లో ఉన్నారు. దాసుగారు కొత్తగా వచ్చిన ఫైరింజను పెట్టెని నీలకంఠం చెవి దగ్గర ఆడిస్తున్నారు. నీలకంఠం కళ్లు మూసుకుని, "ఇందులో నిచ్చెన ఉన్నట్టుందండీ" అంటున్నాడు. కళ్లు తెరిచేసరికి పాప పీట దగ్గర నిలబడి, ఏదో గుటుక్కుమని మింగి, అందరికేసీ చూసి నవ్వింది. క్రేను కొసన దీపం లేదు.

"ఓలమ్మో, మింగీసినాది!" అన్నారు రత్నమణమ్మగారు.

నీలకంఠానికి భయం వేస్తే పుస్తకాల భాష పోయి ఆనందపురం వచ్చేసేది. "ఏటి సేత్తాం? ఏటి సేత్తాం?" అంటూ పాపని ఎత్తుకుని గదిలో మూడుసార్లు గుండ్రంగా తిరిగాడు. దాసుగారు రిక్షా పిలిచారు.

డాక్టరు పాప పొట్ట నొక్కి చూసి, గొంతు చూసి, చేతికో బిస్కెట్టు ఇచ్చాడు. పాప బిస్కెట్టు తినేసి ఇంకోటి అడిగింది.

"గొంతు దాటిపోయింది. ముక్క చిన్నది, మొనలు లేవు. మూడు నాలుగు రోజుల్లో అదే వస్తుంది. అరటిపండు పెట్టండి."

"ఎక్స్‌రే తీస్తే..."

"ప్లాస్టిక్ కదా, కనపడదు."

"రాకపోతే?"

"వస్తుంది."

"నూటికి ఎంతమందికి వస్తుందండీ?"

డాక్టరు కళ్లద్దాలు తీసి గౌరీశ్వరి వైపు తిరిగాడు. "ఈయన రాత్రి పడుకుంటారా అమ్మా?" అన్నాడు.

పడుకోలేదు. సోమవారం లాబుకి వెళ్లి, కడుపులో ఉండే ఆమ్లం ఎంత గాఢతలో ఉంటుందో అంత గాఢతలో కలిపి, దాంట్లో ప్లాస్టిక్ ముక్క వేసి చూడాలనుకున్నాడు. ముక్క దొరక్క తన చొక్కా గుండీ తెంపి వేశాడు. ఎనిమిది గంటలు కనిపెట్టుకుని కూర్చున్నాడు. గుండీకి ఏమీ కాలేదు. నీలకంఠం మాత్రం గుండీ లేని చొక్కాతో, చేతిలో గాజుకడ్డీతో ఇంటికొచ్చాడు. ఆ కడ్డీ ఎందుకంటే, పాపని పెరట్లో పాత పేపరు మీద కూర్చోబెట్టినప్పుడల్లా పరీక్ష చెయ్యడానికి. పరీక్ష ఫలితాలన్నీ టైముతో సహా నోటుబుక్కులో రాసి కింద సంతకం పెట్టేవాడు.

పాపని పరిగెత్తనివ్వలేదు, ముక్క కదిలిపోతుందని. కూర్చోనివ్వలేదు, కదలదేమోనని. అది నవ్వితే ఉలిక్కిపడేవాడు, నవ్వకపోతే డాక్టరు దగ్గరికి బయల్దేరేవాడు. అతను తినలేదు కాబట్టి గౌరీశ్వరీ తినలేదు. ఆ ఇంట్లో మూడు పూటలా కడుపునిండా తిన్నది, మింగిన మనిషి ఒక్కతే.

ఇవన్నీ చాలనట్టు దాసుగారొకరు. డ్యూటీకి వెళ్తూ ఒకసారి, దిగాక ఒకసారి, మధ్యలో గోడ మీంచి ఒకసారి తల పెట్టేవారు.

"వొచ్చినాదా బాబూ?"

"లేదండి."

కాసేపటికి మళ్లీ తల. "వొచ్చినాదా?"

మంగళవారం సాయంత్రం ఏడోసారి అడిగేసరికి నీలకంఠానికి తల తిరిగిపోయింది. గాజుకడ్డీ పట్టుకునే గోడ దగ్గరికి వెళ్లాడు.

"ఏటండీ వొచ్చినాదా, వొచ్చినాదా అని! నా కూతురు పేణం కన్నా మీకు ఆ బొమ్మముక్క ఎక్కువేటి? వొస్తే కడిగి రిజిస్టరు పోస్టులో పంపిత్తాను, పొండి!"

దాసుగారు గోడ అవతలికి దిగిపోయారు. ఆ తరవాత ఆయన తల కనిపించలేదు. నీలకంఠం ఆ విషయం కూడా నోటుబుక్కులో రాయబోయి మానుకున్నాడు.

బుధవారం పొద్దున్నే వీధి గుమ్మంలోంచి దాసుగారు వచ్చారు. అరచేతిలో ఎర్రముక్క ఉంది.

"దొరికినాది బాబూ. మా మంచం కింద పాత సెప్పులో ఉన్నాది. పాప మింగనేదు. ఏదో పెసరబద్ద మింగుంటాది."

నీలకంఠం ముక్కని వెర్నియర్ కాలిపర్సుతో కొలిచాడు. ఎనిమిది మిల్లీమీటర్లు. ఇంకో వైపు తిప్పి కొలిచాడు. అప్పుడు గుమ్మంలోనే కూలబడి, "దాసుగారూ, నిన్న నేను..." అన్నాడు.

"నిన్న ఏటయినాది? నాను డ్యూటీలో ఉన్నాను" అని దాసుగారు ముక్క జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

నీలకంఠం ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పన్నెండు గంటలు పడుకున్నాడు. "ఇంక ఆ పేపరు పరీక్షలు అక్కర్లేదు" అని గౌరీశ్వరికి చెబితే, ఆవిడ ఏ ప్రశ్నా వెయ్యకుండా "సరే" అంది. పెళ్లయిన మూడేళ్లలో అలా అనడం అదే మొదటిసారి. అంత పెద్ద పరిశోధకుడికీ అది కనపడలేదు.

గురువారం పొద్దున్న పళ్లు తోముకుందామని పెరట్లోకి వెళ్లాడు. పేపరు దగ్గర గౌరీశ్వరి గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో అతని గాజుకడ్డీ. కడ్డీ కొసన ఎర్రగా ఒక ముక్క.

నీలకంఠం నోట్లో నురగ అలాగే ఉండిపోయింది. ఒక ముక్క పోయింది, రెండు ముక్కలు దొరికాయి. ద్రవ్యరాశిని సృష్టించలేమని అతను డిగ్రీ పరీక్షలో ఐదు మార్కులకి రాశాడు.

"రెండోది కూడా మింగీసినాదే!" అని అరిచాడు.

"అరవకండి. మింగింది ఇదొక్కటే."

"మరి నిన్నటిది?"

"అది ఎక్కడిదో నాకు తెలవదు. మీరు తిట్టిన సాయంత్రం బాబాయిగారు డాక్టరు దగ్గరికెళ్లి లైన్లో కూర్చున్నారంట. 'పిల్ల తండ్రి చూడ్డం మానేస్తే పిల్లకేమైనా ప్రమాదమా' అని అడిగారంట. 'తల్లి చూస్తే చాలు, తండ్రి చూడకపోతేనే అందరికీ ఆరోగ్యం' అన్నాడంట ఆయన. మీరు లోపలున్నప్పుడు గోడ మీంచి నాకు చెప్పి, 'నువ్వు కనిపెట్టుకుని ఉండమ్మా, ఈయన్ని నాను సూసుకుంటాను' అన్నారు."

నీలకంఠం ముక్కని ఇరవై నిమిషాలు మరగబెట్టి, రుమాల్లో చుట్టి పక్కవాటాకి వెళ్లాడు. దాసుగారు రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. రత్నమణమ్మగారు రుమాలు చూసి బీరువా తెరిచారు. పదకొండేళ్లుగా సీలు తియ్యని ఆసుపత్రి పెట్టె. పైన కాగితం నిలువునా కోసి ఉంది.

"మంగళోరం ఇంటికొచ్చి కత్తెర పట్టుకుని కూకున్నారు బాబూ. గంటసేపు అలగే కూకున్నారు. ఆపరేసను సేసే డాక్టరు కూడా సెయ్యి అంతసేపు కడగడు. ఆకరికి కోసీసి, 'ఎర్రది నువ్వే ఎతికి తియ్యి మణీ, నాను సూడనేను' అని అటు తిరిగిపోనారు."

అంతలో బయట సైకిలు స్టాండు చప్పుడైంది. దాసుగారు లోపలికొచ్చి, నీలకంఠాన్నీ, రుమాల్నీ, బీరువానీ వరసగా చూశారు.

"దాసుగారూ, ఇది మీది."

"నాది దొరికిపోనాది కదా బాబూ."

"మరిదెవరిది?"

"ఏమో. మీ లాబుదేమో."

"ఇంక ఊరుకోండి. పెట్టె సూసీసినాడు" అన్నారు రత్నమణమ్మగారు.

దాసుగారు దొరికిపోయిన దొంగలా నవ్వారు. "ఎప్పుడో ఒకప్పుడు విప్పాలి కదా."

"పదకొండేళ్లు విప్పలేదు కదండీ!"

"ఇన్నాళ్లూ ఎవులికీ ఒంట్లో బాగోనేదు అన్నమాట రానేదు. ఆసుపత్రి ఊరికే ఎందుకు తెరుత్తాం?"

"కానీ పాపకి ఏమీ కాలేదు కదా?"

"పాపకని ఎవులన్నారు బాబూ?"

 నీలకంఠం చెప్పులు విప్పి, చాప పరిచి, పెట్టె బోర్లించాడు. లోపల కట్టే పద్ధతి బొమ్మలుగా వేసిన కాగితం ఉంది. దాసుగారు జన్మలో ఒక్క ఇటుకా అతికిన మనిషి కాదు. "నాకు తెలవదు బాబూ, ముప్పై టన్నులైతే ఎత్తగలను" అన్నారు. నీలకంఠం కాగితం పట్టుకుని నంబర్లు చెబుతుంటే ఆయన ముక్కలు అందించారు. ఆసుపత్రి ఎర్రముక్క అప్పటికే క్రేను కొసన ఉంది. మరగబెట్టిన ముక్క దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఆగారు.

"వార్డులో పెట్టండి. నయమయి వొచ్చినాది కదా" అన్నారు రత్నమణమ్మగారు.

ఫ్యాక్టరీ బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది. ఎవరూ తల తిప్పలేదు. తొమ్మిదయ్యేసరికి గోడలు లేచాయి, కిటికీలు అమిరాయి. నీలకంఠం బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి, రెండు చేతులతో పైకప్పు దించుతున్నాడు. సరిగ్గా అప్పుడే గౌరీశ్వరి అతన్ని వెతుక్కుంటూ పాపతో గుమ్మంలోకొచ్చింది. పాప చంకలోంచి జారి, చేతులు చాపుకుని తడబడుతూ చాప మీదికి పరిగెత్తింది.

"పట్టుకో! పట్టుకో దాన్ని!" అని కేకేశాడు నీలకంఠం.

గౌరీశ్వరి పరిగెత్తి పాపని ఎత్తుకుంది. "ఏమైందండీ? పడిపోతోందా?"

"పైకప్పు పడిపోద్ది!"

గౌరీశ్వరి, రత్నమణమ్మగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాసుగారు పెదాల మీద వేలు పెట్టుకుని, నీలకంఠం భుజం తట్టారు.

"మెల్లగా బాబూ. ఆసుపత్రి దగ్గర అరవకూడదు."