పెద్దాయన కళ్ళు

ఫణీంద్ర పొద్దున్నే లేచి మొదట విగ్రహాల ముఖాలు కడుగుతాడు. తన ముఖం సంగతి భార్య సుకన్య గుర్తు చేయాలి.

దుర్గిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వాళ్ళది. తండ్రి జక్కయ్యకు చూపు మందగించాక విగ్రహాలకు కళ్ళు చెక్కే పని ఫణీంద్రకు వచ్చింది. మిగతా ఒళ్ళు ఎవరు చెక్కినా ఫర్వాలేదు. కన్ను చెదిరితే రాయంతా వృథా.

ఆ భయంతోనే గంజాయి మొదలైంది. ఒక్క దమ్ము లాగితే చెయ్యి కుదురుగా ఉంటుందని మాచర్లలో ఓ స్నేహితుడు చెప్పాడు. మొదట కళ్ళు చెక్కే రోజున మాత్రమే తాగేవాడు. తర్వాత ముక్కుకూ, చెవులకూ, చివరికి పీఠానికీ దమ్ము కావలసి వచ్చింది.

కొన్నాళ్ళకు తిండి మానేశాడు, నిద్ర మానేశాడు. షెడ్డులోనే కూర్చుని గొణుక్కునేవాడు. ఇంకో ఇంట్లో అయితే కంగారు పడేవారు. ఆ ఇంట్లో మాత్రం దేవుడి విగ్రహానికి కళ్ళు చెక్కే ముందు ఉపవాసం, మౌనం ఆచారం. కొడుకు దీక్షలో ఉన్నాడని జక్కయ్య మురిసిపోయాడు.

"మా తాత గూడా ఇంత నిష్ఠగా ఉండలా," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

పక్కింటి అంకమ్మ ఏకంగా ఫణీంద్ర కాళ్ళకు దణ్ణం పెట్టి, కూతురి పెళ్ళి ఎప్పుడవుతుందో చెప్పమంది.

"ముందు మీ ఇంట్లో కెమెరా తీసెయ్యి, చెప్తా," అన్నాడతను.

అంకమ్మ ఇంట్లో టీవీ కూడా లేదు. ఇందులో ఏదో మర్మం ఉందనుకుని ఆమె భక్తిగా వెళ్ళిపోయింది.

నకరికల్లు నుంచి చెన్నకేశవరావు వచ్చిన రోజున అసలు సంగతి బయటపడింది. సర్పంచిగా చేసి కన్నుమూసిన తన తండ్రి విగ్రహాన్ని ఆయన అంతకుముందే పురమాయించి ఉన్నాడు. షెడ్డులో విగ్రహాలన్నీ ముఖాలకు తువ్వాళ్ళు కట్టుకుని, దాగుడుమూతలకు సిద్ధమైనట్టు నిలబడి ఉన్నాయి. చెన్నకేశవరావు ఆ పెద్దాయన విగ్రహానికున్న తువ్వాలు విప్పి చూస్తే కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి.

"ఏందయ్యా ఇది? మా నాయనకు కళ్ళేయి?"

"పెడితే నన్ను చూస్తాడు. పోలీసులకు చెప్తాడు. ఇయ్యన్నీ నా గురించే మాట్లాడుకుంటన్నయ్," అన్నాడు ఫణీంద్ర.

"మా నాయనా? బతికున్నన్నాళ్ళూ స్టేషన్ అంటే ఆమడ దూరం పరిగెత్తినోడు, సచ్చినాక చెప్తాడా?"

జక్కయ్య సర్దిచెప్పబోయాడు. "దీక్షలో ఉండాడు బాబూ..."

"దీక్ష దేవుడికి మావయ్యా," అంది సుకన్య. "సర్పంచిగారికి ఎందుకు?"

ఫణీంద్ర ఉలిని గుండెకు హత్తుకుని మూలకు నక్కాడు. సుకన్య దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"చానా భయమేస్తంది గదా మావా. పేటలో దీనికి డాక్టరున్నాడు. పోదాం పద. కళ్ళు లేవుగా, మనం పోయేది ఇయ్యి చూడవులే."

ఆ మాట అతనికి నచ్చింది. కదిలాడు.

ఇది గంజాయి వల్ల వచ్చిన మానసిక జబ్బని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. గంజాయి పూర్తిగా మానాలి, మందులు వాడాలి. నెమ్మదిగా విగ్రహాల మాటలు ఆగాయి. కానీ మాత్రలకు చెయ్యి వణకడం మొదలైంది. పనికిరాని రాయి మీద మనిషి కన్ను చెక్కబోతే మేక కన్ను వచ్చింది. ఇక తను ఈ పనికి పనికిరాడేమోనని ఫణీంద్రకు దిగులు పట్టుకుంది.

"ఒరేయ్, కళ్ళయ్యేదాకా ఆ మాత్రలు ఆపరా," అన్నాడు జక్కయ్య.

ఒక్క దమ్ముతో పనైపోతుందని మాచర్ల స్నేహితుడు కబురు పెట్టాడు. ఫణీంద్ర బస్టాండుకు వెళ్ళాడు. మాచర్ల బస్సు ముందొచ్చింది. ఎక్కలేదు. పేట బస్సెక్కి డాక్టరుకు తన వణుకుతున్న చెయ్యి చూపించాడు. డాక్టరు మందు మార్చాడు. గడువు కావాలని ఫణీంద్ర చెన్నకేశవరావుకు ఫోన్ చేశాడు.

"అట్టాగే కానియ్. మా నాయన యాడికీ పోడులే," అన్నాడాయన.

వానలు పడ్డాక పెద్దాయనకు కళ్ళొచ్చాయి. ఎడమ కన్ను కాస్త చిన్నది.

"ఓట్లు అడగబోయేటప్పుడు మా నాయన అచ్చం ఇట్టానే చూసేవోడు," అని చెన్నకేశవరావు మురిసిపోయాడు.

ఆ తర్వాత ఒకసారి ఫణీంద్ర మళ్ళీ గంజాయి తాగి ఆసుపత్రిలో పడ్డాడు. ఇప్పుడు తాగడం లేదు. మాత్రలు వేసుకుంటున్నాడు, షెడ్డులో కళ్ళు తనే చెక్కుతున్నాడు.