ఆ నూనె డబ్బా ఎక్కడిది?

మా హిసానో పిన్నికి అట్లు వేయడం వృత్తి, ఆశ్చర్యపోవడం ప్రవృత్తి. ఆశ్చర్యమంటే మీరూ నేనూ పడే పాటిది కాదు. చేతిలో అట్లకాడ జారిపోవాలి, నోరు తెరుచుకోవాలి, ఎడమ చెయ్యి గుండె మీదికి వెళ్ళాలి, అప్పుడు, "నమ్మలేకపోతున్నాను! డెబ్భై రెండేళ్ళొచ్చాయి, ఇలాంటిది కలలో కూడా చూడలేదు!" అని వీధి చివరిదాకా వినపడాలి. ఇలాంటిది ఆవిడ కిందటి నెలే చూసింది. అంతకు ముందు నెల కూడా చూసింది. చూసేది కుస్తీ కదా, నెలనెలా జరిగేది అదే.

ఒసాకాలో మాది రేకుల కప్పున్న పాత బజారు వీధి. పిన్నిది క్యాబేజీ అట్ల కొట్టు, ఎదురుగా నాది సెలూన్. నన్ను సెంజీ అంటారు. యాభై ఏళ్ళొచ్చినా పిన్నికి నేను ఇంకా "ఒరేయ్ సెంజీ"నే. నెలకో ఆదివారం మధ్యాహ్నం పెద్ద కుస్తీ పోటీలు టీవీలో ప్రత్యక్షంగా వస్తాయి. డబ్బు కట్టినవాళ్ళకే బొమ్మ కనిపిస్తుంది. పిన్ని కడుతుంది, టీవీని ఫ్రిజ్ మీదికి ఎక్కిస్తుంది, వీధి మొత్తాన్నీ పిలుస్తుంది. చేపల కొట్టు ఉమెహారా అందరికన్నా ముందొచ్చి కూర్చుంటాడు. నిజం చెప్పొద్దూ, మేం వెళ్ళేది టీవీ చూడటానికి కాదు, పిన్నిని చూడటానికి.

పిన్నికి ఈ భూమ్మీద ఉన్న ఏకైక శత్రువు నరకం గొండో. మొహానికి ఎరుపూ నలుపూ రంగులు పూసుకుని వచ్చే కొండలాంటి మనిషి. ఇరవై ఆరేళ్ళుగా అతనికి తెలిసిన విద్య ఒక్కటే. రిఫరీ అటు తిరగ్గానే రింగు కిందనుంచి నలుచదరపు నూనె డబ్బా ఒకటి లాగి, అవతలివాడి నెత్తిన మోదడం.

"రిఫరీ గారూ, వెనక్కి తిరగండి! తిరగరా నాయనా, నీ పుణ్యముంటుంది!"

"ఆయన తిరగడు పిన్నీ. ఇరవై ఆరేళ్ళుగా తిరగలేదు," అంటాడు ఉమెహారా.

"ఇవాళ తిరుగుతాడు, చూస్తూ ఉండు."

ఢాం!

"అయ్యో అయ్యో! నమ్మలేకపోతున్నాను! ఆ నూనె డబ్బా ఎక్కడిది? కుస్తీ పట్టే చోట నూనె డబ్బాకేం పని? అక్కడేమన్నా రొయ్యలు వేయిస్తున్నారా?"

ఈలోగా పెనం మీద మా అట్టు మాడిపోతుంది. మాడిన అట్టు చూసి కూడా పిన్ని ఆశ్చర్యపోతుంది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండును. మర్నాడు పొద్దున్నే పోస్టుకార్డు పట్టుకుని నా సెలూన్‌కి వచ్చేస్తుంది. గడ్డానికి నురగ పూసుకుని కదలలేని స్థితిలో ఉన్న మనుషులు దొరికేది అక్కడే కదా. కార్డు మీద కుస్తీ కంపెనీకి తన అభిప్రాయాలు రాసుంటాయి. గొంతు సవరించుకుని చదువుతుంది.

"గౌరవనీయులైన కంపెనీ వారికి. నేను దిగ్భ్రాంతికి గురయ్యాను. మొదటి పోటీ: కుర్రాళ్ళిద్దరూ బాగానే చేశారు. కానీ ఆ పచ్చ లాగు అబ్బాయి సరిగ్గా అన్నం తినడం లేదు, కనుక్కోండి. రెండో పోటీ: అంత ఎత్తునుంచి దూకమని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? వాళ్ళమ్మకి తెలుసా? మూడో పోటీ: ముసుగులవాళ్ళిద్దరిలో ఎవరు ఎవరో చివరిదాకా నాకు తెలియలేదు, వాళ్ళకూ తెలిసినట్టు లేదు. ఆఖరి పోటీ: నరకం గొండో అనే ఆ దుర్మార్గుడు ఉన్నంతకాలం నేను మీ ప్రసారం చూడనుగాక చూడను. వచ్చే నెల ప్రసారానికి డబ్బు కట్టేశాను. ఇట్లు, హిసానో."

"చూడనని రాసి, కట్టేశానంటావేమిటి పిన్నీ?"

"చూడకపోతే ఎంత అన్యాయంగా ఉందో ఎలా తెలుస్తుందిరా?"

కత్తి కింద గడ్డం పెట్టుకున్న పెద్దమనిషి నవ్వితే తెగుతుందేమోనని నా భయం నాది.

ఇలా ఉండగా సెప్టెంబరు నెలలో నా సెలూన్‌కి వచ్చే క్రీడాపత్రికలో ఒక వార్త పడింది. గొండోతో ఒప్పందం అయిపోవచ్చిందట. అక్టోబరు ప్రదర్శన చూసి, పొడిగించాలో వద్దో కంపెనీ తేల్చుకుంటుందట. కారణం, జనం అతన్ని తిట్టడం మానేశారు.

నవ్వకండి. కుస్తీలో దుర్మార్గుడికి తిట్లే తిండి. హాలంతా "ఛీ, దిగిపో!" అని అరిస్తేనే అతనికి పని ఉన్నట్టు. మా జనం చూస్తే రోజురోజుకీ మరీ మర్యాదస్తులైపోతున్నారు. గొండో అవతలివాణ్ణి కుర్చీల్లోకి విసురుతానని వస్తుంటే, మైకులో "జాగ్రత్తండీ, జాగ్రత్త" అంటారు. జనం లేచి, సంచులు తీసుకుని, పక్కకి జరిగి దారిస్తారు. అతను విసిరేసి వెళ్ళగానే కుర్చీలు మళ్ళీ వరసగా సర్దుకుని కూర్చుంటారు. మొన్నొకావిడ దారిస్తూ, "మోకాలు ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగిందట. దుర్మార్గుణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? మోకాలు పోయిన మాట నిజమే. దాన్ని చూసి ఇంకో కంపెనీ తీసుకోదు, కుస్తీ తప్ప అతనికి ఇంకో పని రాదు. ఇదంతా పత్రికలో వివరంగా రాశారు.

పిన్ని ఎగిరి గంతేస్తుందనుకుని పత్రిక పట్టుకుని పరుగెత్తాను.

"పండగ చేసుకో పిన్నీ! నీ కార్డులు పనిచేశాయి. గొండోని తీసేస్తున్నారు!"

పిన్ని వార్త చదివింది. మళ్ళీ చదివింది. "నమ్మలేకపోతున్నాను," అంది, నాకొక్కడికే వినపడేటంత మెల్లగా. అట్లకాడ జారలేదు, చెయ్యి గుండె మీదికి వెళ్ళలేదు. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోతే ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ రోజే.

"ఏంటి పిన్నీ, సంతోషంగా లేదా?"

"నోరు మూసుకుని నీ కొట్టుకి పో. పోతూ పోతూ అక్టోబరు ప్రదర్శనకి రెండు టిక్కెట్లు తీసుకో. ముందు వరసలో. టీవీ ముందు కూర్చుని తిడితే ఈసారి సరిపోదు."

ప్రదర్శన ఉన్న ఆదివారం పిన్ని పట్టుచీర కట్టినంత ముస్తాబై, ఉన్నవాటిలో మంచి కిమోనో వేసుకుని బయల్దేరింది. చేతిలో గుడ్డమూట.

"ఇందులో ఏముంది పిన్నీ?"

"మినెగిషికి అట్లు. పాపం, ఒంటరి కుర్రాడు."

గొండోతో ఆఖరి పోటీ పడేది ఈ మినెగిషే. ఇరవై నాలుగేళ్ళవాడు, అందగాడు, వీధిలో ఆడపిల్లలందరూ వాడి అభిమానులే. మూట నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

మా దగ్గర కుస్తీలో ఒక పద్ధతుంది. మల్లుడి పేరు పిలవగానే అభిమానులు కాగితపు రిబ్బన్ల చుట్టలు రింగులోకి విసురుతారు. తగిలితే దెబ్బ అని, చుట్ట మధ్యలో ఉండే అట్టముక్కని ముందే ఓపిగ్గా తీసేసి ఉంచుకుంటారు. మినెగిషి పేరు పిలిచారు. గులాబీ రంగు రిబ్బన్లు వానలా కురిశాయి. తరవాత గొండో పేరు పిలిచారు. దుర్మార్గుడికి రిబ్బన్లు వేయడమనేది ఎక్కడా లేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు వేయలేదు.

ఆ రోజు వేశారు! పై వరసలనుంచి ఒకటి, పక్కనుంచి పది, ఆ తరవాత వందలు. ఇదే ఆఖరేమో, ఇన్నేళ్ళ కష్టానికి మర్యాద చేద్దామని అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. "ఇన్నాళ్ళూ చాలా శ్రమపడ్డారు గొండో గారూ!" అని ఎవరో అరిచారు. హాలంతా చప్పట్లు. నెత్తి మీద రిబ్బన్లతో గొండో పెళ్ళికొడుకులా నిలబడిపోయాడు. తన పని అయిపోయిందని అతనికి అర్థమైంది. నాకు అర్థం కాలేదు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

నా చేతుల మీద ఫట్‌మని ఒకటి పడింది.

"చప్పట్లా? వాడి పొట్ట కొడుతున్నావురా, వెధవా!" అంది పిన్ని. నేను తేరుకునేలోపు మూట పట్టుకుని రింగు ముందున్న కమ్మీల దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఒరేయ్ గొండో! ఆ కాగితాలు నీకనుకున్నావా? చెత్తబుట్ట అనుకుని వేశార్రా! సిగ్గులేని మొహమా! నా మినెగిషికి వేడివేడి అట్లు తెస్తే నీ మొహం చూసి చల్లారిపోయాయి!"

నాలుగు వేలమంది చప్పట్లు ఆపేశారు. గొండో ఆవిడ వంక చూశాడు. ఆవిడ మూట ఎత్తి చూపించింది. అతను తాళ్ళ మధ్యనుంచి దిగాడు, కుంటుకుంటూ వచ్చాడు, మూట పట్టుకుని లాగాడు. పిన్ని రెండు చేతులా పట్టుకుని వదలదు. చివరికి అతనే గెలిచి, మూట నేలకేసి కొట్టి, కాలెత్తాడు. ఎత్తిన కాలు గాల్లోనే కాసేపు ఆగింది. తరవాత తొక్కాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

పిన్ని ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని నేల మీద కూలబడింది. "నమ్మలేకపోతున్నాను!"

ఆ మాట ఆఖరి వరసదాకా వినపడింది. ఆ తరవాత లేచిన అరుపులకి పైకప్పు ఎలా నిలిచిందో నాకు తెలియదు. నా పక్కన టై కట్టుకుని, కుర్చీ కింద చెప్పులు కూడా సమానంగా సర్దుకున్న పెద్దమనిషి కుర్చీ ఎక్కి, "ముసలమ్మ అట్లు తొక్కుతావురా దరిద్రుడా! దిగిపో!" అని గొంతు చించుకున్నాడు. రిబ్బన్లు వేసినవాళ్ళే పిడికిళ్ళు బిగించారు. ఇదంతా దేశమంతా టీవీల్లో కనిపిస్తోంది. గొండో ఛాతీ విరుచుకుని, పళ్ళు బయటపెట్టి, రింగులోకి ఎక్కాడు. కుంటడం కూడా మరిచిపోయాడు. రిఫరీ అటు తిరిగాడు. ఢాం! "ఆ డబ్బా ఎక్కడిది?" అని నాలుగు వేలమంది పిన్నితో కలిసి అరిచారు.

నా ఒళ్ళు మండిపోయింది. పాపం పిన్ని పొద్దున్నించీ పడ్డ కష్టమంతా నేలపాలైందని, వంగి మూట తీసుకోబోయాను. ముడి ఊడిపోయింది. లోపల అట్టు లేదు, అట్టు ముక్క కూడా లేదు. ఉన్నవి క్యాబేజీ మోడులూ, వాడిపోయిన పై ఆకులూ.

కూలబడ్డ పిన్ని వంక చూశాను. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"త్వరగా కట్టెయ్యి. కెమెరా ఇటే ఉంది."

"పిన్నీ! అట్లేవి?"

"మంచి తిండి తొక్కిస్తానా? నాకేమన్నా పిచ్చిపట్టిందా?"

డెబ్భై రెండు కాదు గానీ, నా యాభై ఏళ్ళలో నేను ఇలాంటిది ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున అడిగి తేల్చుకుందామని ఆవిడ కొట్టు వెనక గుమ్మం వైపు వెళ్ళాను. వంటగదిలో చిన్న పీట మీద, ముక్కు మీద కళ్ళజోడుతో, పెద్ద శరీరం ఒకటి కూర్చుని క్యాబేజీ తరుగుతోంది. రంగులు లేకపోతే గొండో బడిపంతులులా ఉన్నాడు. నన్ను చూసి లేచి, నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"క్షమించండి సెంజీ గారూ. పిన్నిగారికి చెయ్యి నొప్పెట్టిందేమో అడుగుదామని వచ్చాను. ముందు నాకేమీ చెప్పలేదు. నిజంగా అట్లే అనుకుని కాలు రాలేదు నాకు. ఆవిడ కళ్ళతోనే 'తొక్కు' అన్నారు."

"నొప్పి చెయ్యి కాదు, నడుం," అంది పిన్ని. "కూలబడటం తేలికే, లేవడమే చావొచ్చింది. మాట్లాడకుండా ఆ కత్తి పక్కన పెట్టి తిను."

నేను గుమ్మంలోనే నోరెళ్ళబెట్టాను. "ఎన్నాళ్ళనుంచి పిన్నీ ఇది?"

"వాడు కొత్తల్లో ఒకరోజు ఈ గుమ్మంలోకి వచ్చి, 'జనం నన్ను తిట్టడం లేదండీ, తీసేసేలా ఉన్నారు' అని ఏడ్చాడు. దుర్మార్గుడు ముందు గదిలో అందరితో కూర్చుని తినకూడదట, పేరు పాడవుతుందట. సరేలే, ఇక్కడ కూర్చుని తిను, అక్కడ నేను తిడతాలే అన్నాను. రెండూ నాకు చేతనైన పనులే కదా."

అప్పుడు చూశాను. గోడవారగా ఖాళీ నూనె డబ్బాలు పేర్చి ఉన్నాయి. పిన్ని ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెక్క రోకలితో మూలలు మెత్తగా కొట్టి, అంచుల చుట్టూ టేపు అంటిస్తోంది.

"పిన్నీ! ఆ నూనె డబ్బా!"

"అంచు గీసుకుంటే మినెగిషి మొహం పాడవుతుంది. పెళ్ళి కావాల్సిన కుర్రాడు," అంది, టేపు పంటితో కొరుకుతూ.

ఆ వారం కంపెనీకి గొండోని తిడుతూ బస్తాలకొద్దీ ఉత్తరాలు వచ్చాయట. ఒప్పందం మూడేళ్ళు పొడిగించారు. పిన్ని కార్డు మాత్రం ఎప్పటిలాగే ఉంది. "నేను దిగ్భ్రాంతికి గురయ్యాను. మూడేళ్ళా? మీకు కళ్ళు లేవా? వచ్చే నెలకి డబ్బు కట్టేశాను." నురగ మొహాలముందు చదివేటప్పుడు "మూడేళ్ళా?" అన్న మాట ఆవిడ రెండుసార్లు చదివింది గానీ, అది గమనించింది నేనొక్కణ్ణే.

తరవాతి ఆదివారం ప్రసారం నాడు మళ్ళీ అందరం పిన్ని కొట్టులో చేరాం. రిఫరీ అటు తిరిగాడు. ఢాం! అట్లకాడ జారింది. "ఆ నూనె డబ్బా ఎక్కడిది?" అని పిన్ని కేకపెట్టింది. నేను ఊరుకోలేక, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని, "నమ్మలేకపోతున్నాను పిన్నీ!" అని అంతకన్నా పెద్ద కేక పెట్టాను.

పిన్ని నా చెవి దగ్గరికి వంగి, పళ్ళ మధ్యనుంచి అంది: "అంత గట్టిగా కాదురా, నటిస్తున్నావని తెలిసిపోతోంది."