మబ్బు లేని వాగు

పొద్దున చెప్పులు తొడుక్కునే ముందు బీరన్న వంగి నేలను తాకి కళ్లకద్దుకునేవాడు. మక్తల్ దగ్గరి తమ ఊరి నుంచి అమ్రాబాద్ అడవి దాకా ముప్పై ఏండ్లు గొర్రెల వెంట నడిచిన మనిషి. రోజంతా తొక్కబోయే తల్లిని ముందుగానే మన్నించమని అడగడం వాళ్ల నాయిన నేర్పిన అలవాటు. ఆ రోజు హిమాలయాల్లో గుడారం ముందు కూడా, చేతితొడుగు తీసి మరీ, గడ్డకట్టిన మట్టిని తాకాడు.

"అన్నా, గీ భూమికి తెలుగొస్తదా?" అంది చెల్లెలు గోపమ్మ.

"నీకొచ్చి ఏం ఇన్నవ్ నా మాట. నడువు."

అతను వచ్చింది ఆమెకు తోడుగానే. ఊరి బడిలో ఇరవై ఏండ్లు పిల్లలకు వండిపెట్టిన గోపమ్మ, గది ఊడ్చినప్పుడల్లా గోడ మీది పటంలో మంచుకొండల నడుమ నీలం చెరువును చూస్తూ నిలబడేది. ఆ పటం అంటించిన రఘుపతి సార్ రిటైరయ్యాక ఏటా కొందరిని ఈ కొండలకు తీసుకొస్తున్నాడు. "ఒక్కసారి చూపియ్యి సార్" అని ఆమె అడిగింది. అయిదు రోజులుగా సంచులు వీపున వేసుకుని, గుడారాలు, వంటసామాన్ల మూటలు కంచరగాడిదల మీద వేసి నడుస్తున్నారు. రేపు కనుమ దాటితే చెరువే.

"పన్నెండు కాకముందే వాగు దాటి రాన్రి" అని చెప్పి సార్ గైడ్‌తో, మిగతా అందరితో ముందు సాగాడు. అన్నాచెల్లెళ్లు చేరేసరికి నీళ్లు మోకాలి లోతే. కానీ గోపమ్మ మడమ మీది బొబ్బ పగిలింది.

"జర కూసో. మబ్బు తునక లేదు, వాన లేంది వాగెట్ల పెరుగుతది? ఎండకు ఇంకింత తగ్గుతది" అన్నాడు బీరన్న.

మధ్యాహ్నం రెండు గంటలకు బూడిదరంగు నీళ్లు రాళ్లను దొర్లిస్తూ నడుముదాకా వచ్చాయి. గైడ్ వెనక్కి వచ్చి తాడు కట్టి ఇద్దరినీ దాటించాడు. గుడారాలు చేరేసరికి గోపమ్మ మడమ ఉబ్బి బూటు పట్టలేదు.

"ఈడ వాగును పెంచేది ఎండే బీరన్నా. పొద్దెక్కిన కొద్దీ పైన మంచు కరుగుతది" అన్నాడు సార్ మెల్లగా. "గోపమ్మ రేపు నడవలేదు. మీరిద్దరు కిందికి దిగాలె."

గోపమ్మ తన సంచిలో దాచుకున్న జొన్నరొట్టె విరిచి, పెద్ద ముక్క అన్నకే ఇచ్చింది. బీరన్న దాన్ని తినకుండా పక్కన పెట్టాడు.

లేచి సార్ దగ్గరికి వెళ్లాడు. "సార్, ఒక కంచరగాడిద మూటలు ఈడ దించున్రి. దాని మీద చెల్లెను తీస్కపోన్రి. రెండు రోజులకు మీరు మళ్లొచ్చేది గీ తొవ్వనే గదా. మూటలకు నేను కావలుంట."

సార్ గైడ్ వైపు చూశాడు. గైడ్ తల ఊపాడు.

"మరి నువ్వు చెరువు చూడవా?"

"నాకు చెరువేంది సార్." కాస్త దూరాన కొండవాళ్ల గొర్రెల మంద మేస్తోంది. బీరన్న అటు చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట మాత్రం నా కోసం చెప్పాలె. తన కోసం ఆగిన్నంటే అది గాడిద ఎక్కది. గొర్రెలను చూసి బీరన్న కదల్నంటుండని చెప్పున్రి."